తోటపల్లి బ్యారేజీ మీద పేరున్న లచ్చన్న ఎవరు? మా అమ్మాయికి ఏమని చెప్పాలి?

నాగావళి నాన్న · శనివారం రాత్రి 9.40

పోయిన ఆదివారం ఇంటిల్లిపాదీ తోటపల్లి వెళ్ళాం. వెంకన్న దర్శనం చేసుకుని, పులిహోర డబ్బాతో బ్యారేజీ దగ్గర చెట్టు నీడన చేరాం. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి బోర్డు పైకి చదివింది. సర్దార్ గౌతు లచ్చన్న తోటపల్లి బ్యారేజీ. "లచ్చన్న అంటే ఎవరు నాన్నా?" అని అడిగింది. స్వాతంత్ర్య సమరయోధుడమ్మా అన్నాను. "అంటే ఏం చేశారు?" జైలుకు వెళ్ళారు అన్నాను. "జైలుకు చాలామంది వెళ్ళారు కదా, ఈయన ఏం చేశారు?" ఇంకొంచెం పులిహోర పెట్టాను. నా దగ్గర అంతకు మించి జవాబు లేదు.

కథ అక్కడితో ఆగలేదు. బడిలో "మన ప్రాంత నాయకుడు" అని ఒక పేజీ రాసుకురమ్మన్నారట. అది లచ్చన్న గారినే ఎంచుకుంది. పుట్టిన తేదీ, పోయిన తేదీ నేను చెప్పగలను. 1909, 2006. ఆ రెండింటి మధ్య తొంభై ఆరేళ్ళు ఉన్నాయే, వాటి సంగతి మీరు చెప్పాలి. మా నాన్నను అడిగితే ఒకే ముక్క అన్నారు: "కల్లు కోసం ప్రభుత్వాన్ని పడగొట్టినవాడు." నిజమేనా? నిజమైతే పదమూడేళ్ళ పిల్లకు ఎలా చెప్పాలి?

కోట బురుజు · శనివారం రాత్రి 10.05

ముందు ఒక అభ్యంతరం. నాగావళి మీద, మా విజయనగరం జిల్లాలో కట్టుకున్న బ్యారేజీకి ఎక్కడో బారువ సముద్రపు ఒడ్డున పుట్టినాయన పేరు ఎందుకు పెట్టినట్టు? మాకు నాయకులు కరువయ్యారా? పీవీజీ రాజు గారు లేరా? జిల్లా విడిపోయి ఇప్పుడు అది పార్వతీపురం మన్యంలోకి వెళ్ళిందనుకోండి, అభ్యంతరం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

విశ్రాంత సాంఘికం · శనివారం రాత్రి 10.55

బురుజు గారూ, నదికి జిల్లా సరిహద్దులు చదవడం రాదు. అది ఒడిశా కొండల్లో పుట్టి మీ గడ్డ మీదుగా వచ్చి మా కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తోటపల్లి నీళ్ళు పారేది రెండు జిల్లాల పొలాలకూ. ఇంకో తమాషా వినండి. వంశధార ప్రాజెక్టుకు బొడ్డేపల్లి రాజగోపాలరావు గారి పేరు పెట్టారు. ఆయన కాంగ్రెస్, లచ్చన్న ఆ కాంగ్రెస్‌కు ఎదురు పక్షం. చాలాకాలం ఎన్నికల్లో చెరో వైపు నిలబడినవాళ్ళకు చెరో నదినీ పంచి ఇచ్చాం.

ఇక నాగావళి నాన్న గారి అమ్మాయికి.

ముప్పై ఏళ్ళు సోంపేట చుట్టుపక్కల బడుల్లో సాంఘికశాస్త్రం చెప్పాను. పుస్తకంలో ప్లాసీ యుద్ధం ఉంటుంది, పలాస మహాసభ ఉండదు. ఏ ఏడాదికి ఆ ఏడాది నేనే రెండు పీరియడ్లు మిగుల్చుకుని చెప్పేవాణ్ణి. పరీక్షలో రాదని తెలిసి పిల్లలు హాయిగా వినేవారు.

1909 ఆగస్టు 16న బారువలో, కల్లుగీత వృత్తిగా ఉన్న ఇంట్లో పుట్టారు లచ్చన్న. అప్పటికి బారువ గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా వేరుపడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఉన్న ఊళ్ళోనే ఉంటూ మూడు జిల్లాల మనిషి అయ్యారు.

ఉప్పు సత్యాగ్రహం నాటికి ఇరవై దాటినవాడు. చదువు పక్కన పెట్టి అందులో దూకి జైలుకు వెళ్ళారు. అమ్మాయి అడిగింది సబబైన ప్రశ్నే, అందరూ వెళ్ళారు కదా అని. అయితే మా ప్రాంతంలో తెల్లవాడి కంటే దగ్గరగా కనబడే దొర వేరే ఉన్నాడు, జమీందారు. మందస, తర్లా, జలంతర, టెక్కలి, ఇలా అడుగడుగునా జమీలు. పొలం శిస్తు వాళ్ళదే, చెరువు నీరు వాళ్ళదే, అడవిలో ఎండుపుల్ల కూడా వాళ్ళదే. ఎన్.జి. రంగా రైతు ఉద్యమం ఇటు వచ్చినప్పుడు లచ్చన్నకు గురువు దొరికాడు, రంగాకు ఉత్తరాన చేయి దొరికింది. ఆ గురుశిష్య బంధం కడదాకా తెగలేదు.

1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. రాహుల్ సాంకృత్యాయన్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్న సభ అది. ఆ వేడి ఆరకముందే, ఏప్రిల్ 1న, మందస జమీ అడవిలో కట్టెలు తెచ్చుకున్నారని గుడారి రాజమణిపురం మీదికి పోలీసులు వచ్చారు. కాల్పులు జరిగాయి. ఎదురు నిలబడిన సాసుమాన గున్నమ్మ నిండు గర్భిణి. ఆమెను వీరగున్నమ్మ అంటాం. లచ్చన్న రాజకీయం అర్థం కావాలంటే అసెంబ్లీ కంటే ముందు ఈ కట్టెల మోపు దగ్గర మొదలుపెట్టాలి.

కల్లు సంగతి పొద్దున చెబుతాను. కళ్ళజోడు మా ఆవిడ దాచేసింది.

గ్రూప్స్ అభ్యర్థి · శనివారం రాత్రి 11.20

మాస్టారూ, ధన్యవాదాలు. మా కోచింగ్ నోట్సులో ఆయన గురించి ఉన్నది ఒకే వాక్యం: "1967లో శ్రీకాకుళం పార్లమెంటు సభ్యుడు, స్వతంత్ర పార్టీ." ఇది రాస్తే మార్కు వస్తుందా?

విశ్రాంత సాంఘికం · ఆదివారం ఉదయం 6.10

వస్తుంది, కానీ కథ సగమే. 1967లో శ్రీకాకుళం నుంచి స్వతంత్ర పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచింది లచ్చన్న గారే, కానీ ఆయన ఆ స్థానం వదులుకుంటే ఉప ఎన్నికలో గెలిచి వెళ్ళింది రంగా గారు. గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి ఇంత దూరం వచ్చి గెలిచారంటే ఇక్కడ భుజం పట్టింది ఎవరో వేరే చెప్పాలా? 1971లో ఆ స్థానం మళ్ళీ రాజగోపాలరావు గారికి వెళ్ళింది. లచ్చన్న గారి కోట పార్లమెంటు కాదు బాబూ, సోంపేట అసెంబ్లీ. 1952లో కృషికార్ లోక్ పార్టీ తరఫున అక్కడినుంచే మద్రాసు శాసనసభకు వెళ్ళారు. నోట్సు అమ్మినవాణ్ణి సగం డబ్బు తిరిగి ఇవ్వమను.

మోకు మనవడు · ఆదివారం ఉదయం 7.30

"కల్లు కోసం ప్రభుత్వాన్ని పడగొట్టినవాడు." ఈ మాట చిన్నప్పటినుంచి వింటున్నాను. అనేవాళ్ళు నవ్వుతూ అంటారు. మా ఇంట్లో ఎవరూ నవ్వేవారు కాదు.

మా తాత గీత కార్మికుడు. సోంపేట దగ్గర పల్లె మాది. పేరెందుకు, ఆ కాలంలో మాలాంటి ఇళ్ళన్నిటిదీ ఒకటే కథ. రాజాజీ 1937లో సేలంలో మొదలుపెట్టిన మద్యనిషేధం 1948కల్లా మద్రాసు రాష్ట్రమంతటా పరుచుకుంది. పట్నంలో తాగేవాడికి అది అలవాటు మానుకోవడం. మా తాతకు అది చెట్టు దిగడం. పొద్దున్నే ఒకసారి, సాయంత్రం ఒకసారి, నడుముకు మోకు, కాళ్ళకు బందం వేసుకుని తాడిచెట్టు ఎక్కడం తప్ప ఆయనకు మరో పని రాదు. సెంటు భూమి లేదు.

ఒక వెసులుబాటు ఉండేది. బెల్లం వండటానికి తీపి కల్లు దించుకోవచ్చు, దానికి లైసెన్సు. పులియకుండా కుండ లోపల సున్నం పూయాలి. సున్నం ఉంటే బెల్లం, లేకపోతే నేరం. మా తాత ఈ కథ చెప్పేటప్పుడు అరచేయి గిన్నెలా పట్టి చూపించేవారు. చెట్టు మీద గెల చివర పలచగా చెక్కి, కుండ కట్టి, దిగి వస్తే కింద జవాను నిలబడి ఉండేవాడట. కుండ దించమంటాడు. లోపల వేలు పెట్టి గీకి, గోరు చూసుకుంటాడు. గోరు తెల్లగా ఉంటే వదిలేస్తాడు. వాన పడిన రోజున సున్నం కడుక్కుపోయేది. వాన మీద కేసు పెట్టడం కుదరదు కదా, తాత మీద పెట్టారు. రెండుసార్లు. రెండోసారి జరిమానాకు మా నాయనమ్మ చెవుల కమ్మలు వెళ్ళాయి.

ఆ రోజుల్లో గీసేవాడి బతుకు గురించి మాట్లాడటం గాంధీ గారి మాటకు ఎదురు చెప్పడంగా చూసేవారు. లచ్చన్న గారు గాంధీ పిలుపు మీద ఉప్పు వండి జైలుకు వెళ్ళినవారే. కాబట్టి ఆయనను మందు వ్యాపారి మనిషి అనడం ఎవరివల్లా కాలేదు. గీత కార్మికులను కూడగట్టి సత్యాగ్రహం నడిపారు. మా తాత అందులో నడిచారు. ఎంత దూరం నడిచారో చెప్పేవారు కాదు, అరికాలు చూపించేవారు.

ఉద్దానం ఆడపడుచు · ఆదివారం ఉదయం 9.15

మోకు మనవడు గారి తాతకు నా నమస్కారం. కానీ ఈ చర్చ అంతా మగవాళ్ళ లెక్కలోనే నడుస్తోంది, ఇంకో లెక్క చెప్పనివ్వండి.

మాది కవిటి వైపు. మా నాన్నకు కొబ్బరితోట ఉండేది. ఉండేది అని ఎందుకు అంటున్నానంటే, సారా ప్యాకెట్లు ఊళ్ళోకి వచ్చాక అది ముక్కలు ముక్కలుగా పక్కవాళ్ళ కంచెలోకి వెళ్ళిపోయింది. 1980లలో వారుణి వాహిని అని ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో పోసి ఊరూరికీ పంపింది. పాల ప్యాకెట్టు మా ఊరికి ఆ తరువాతెప్పుడో వచ్చింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారని పేపర్లో చదివినప్పుడు మా అమ్మ ఆ కాగితం కత్తిరించి బియ్యం డబ్బాలో దాచింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ నిషేధం పెట్టినప్పుడు మా ఇంట్లో పాయసం వండారు. రెండేళ్ళకే, 1997లో, ఎత్తేశారు. ఆ రోజు మా అమ్మ ఎవరితోనూ మాట్లాడలేదు.

మద్యనిషేధం మీద ఒక ప్రభుత్వాన్నే పడగొట్టిన నాయకుడిని మా అమ్మ తలుచుకుని దణ్ణం పెట్టాలా? అమ్మాయి రాసే పేజీలో మా అమ్మకు కూడా ఒక వాక్యం ఉండాలి.

మోకు మనవడు · ఆదివారం ఉదయం 9.50

అక్కా, మీ అమ్మగారి డబ్బాలోని కాగితం ముందు నేను వాదించను. ఒక్క తేడా మాత్రం చెబుతాను. సారా బట్టీలో కాస్తారు, దాని వెనుక వేలంపాట, కాంట్రాక్టరు, లారీ ఉంటాయి. కల్లు చెట్టు నుంచి దిగుతుంది, దాని వెనుక ఒక మనిషి నడుము ఉంటుంది. దూబగుంట తిరగబడింది మొదటిదాని మీద. చట్టం రెండింటినీ ఒకే గాటన కట్టింది.

ఉద్దానం ఆడపడుచు · ఆదివారం ఉదయం 10.02

తేడా నాకూ తెలుసు తమ్ముడూ. తాగి వచ్చిన మనిషి చేతికి తెలియదు.

విశ్రాంత సాంఘికం · ఆదివారం ఉదయం 11.30

అమ్మా, మీరు అన్నది కొట్టిపారేసే మాట కాదు. దాన్ని అక్కడే ఉంచి, 1954లో నిజానికి జరిగింది ఏమిటో చెబుతాను. నాగావళి నాన్న గారూ, అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకోండి.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాజధాని కర్నూలు. రాజధాని అంటే పెద్దగా ఊహించుకోకండి, కార్యాలయాలకు గుడారాలు వేశారు. ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు, ఎనభై దాటిన మనిషి. మద్రాసులో తుపాకీకి రొమ్ము చూపినవాడు. 1952లో మద్రాసు శాసనసభకు ఎన్నికైన మన వైపు సభ్యులే ఇక్కడి సభ అయ్యారు. అందులో ఏ పార్టీకీ సొంత బలం లేదు. కాంగ్రెస్ ఒక పక్క, దాదాపు అంతే బలంతో కమ్యూనిస్టులు ఒక పక్క, మధ్యలో రంగా, లచ్చన్నల కృషికార్ లోక్ పార్టీ. చేతివేళ్ళతో లెక్కపెట్టగలిగిన సభ్యులు, అయినా త్రాసు ముల్లు వాళ్ళ చేతిలో ఉంది.

నిషేధం ఎలా నడుస్తోందో చూడమని రామమూర్తి కమిటీని వేశారు. నిషేధం విఫలమైందని, సడలించాలని ఆ కమిటీ చెప్పింది. ప్రభుత్వం ఆ మాట అమలు చేయలేదు. గీత కార్మికుల గోడు అలాగే ఉండిపోయింది. లచ్చన్న పట్టుబట్టారు. అవిశ్వాసం వచ్చింది. 1954 నవంబర్ 6న ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది, ఒక్క ఓటు తేడాతో.

మీ నాన్నగారి వాక్యంలో అబద్ధం లేదు, సగమే ఉంది. కల్లు తాగేవాళ్ళ కోసం కాదు, గీసేవాళ్ళ కోసం. ఆ తేడా పదమూడేళ్ళ పిల్లకు అర్థమవుతుంది. అరవై ఏళ్ళ మగవాళ్ళకే కష్టం.

కోట బురుజు · ఆదివారం మధ్యాహ్నం 12.15

మాస్టారూ, చెప్పిన తీరు బాగుంది కానీ మీరు ఒక ముక్క మింగేశారు. పడగొట్టింది వాళ్ళొక్కరే కాదు, కమ్యూనిస్టులతో చేయి కలిపారు. తరువాత? రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 మొదట్లో ఎన్నికలు వచ్చాయి. అప్పుడు ఇదే కృషికార్ లోక్ పార్టీ ఎక్కడ నిలబడింది? కాంగ్రెస్ పక్కన, ఐక్య కాంగ్రెస్ కూటమిలో, అదే కమ్యూనిస్టులకు ఎదురుగా! నవంబర్‌లో ఎవరితో కలిసి చేయెత్తారో ఫిబ్రవరికి వాళ్ళనే ఓడించమని ఊరూరా తిరిగారు. 196 స్థానాల్లో కమ్యూనిస్టులకు 15 మిగిలాయి. బెజవాడ గోపాలరెడ్డి గారి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు. దీన్ని రైతు రాజకీయం అంటారా, మామూలు రాజకీయం అంటారా?

ఎనభై రెండేళ్ళ ఆంధ్రకేసరిని దించిన తీరు నాకు ఎప్పటికీ మింగుడుపడదు. కావాలంటే నన్ను విజయనగరం మొండివాడు అనుకోండి.

విశ్రాంత సాంఘికం · ఆదివారం మధ్యాహ్నం 12.40

మింగలేదు, భోజనానికి పిలిచారు. అంతే.

మీరు చెప్పినవన్నీ జరిగినవే. మంత్రి పదవి కూడా నిజమే. కానీ బురుజు గారూ, ఆ మనిషి మొత్తం నడక చూడండి. కాంగ్రెస్‌లో జైళ్ళు అనుభవించి, పదవులు పంచే వేళకు, 1951లో, రంగా వెంట బయటికి వచ్చేశారు. మంత్రి పదవి రుచి చూశాక, 1959లో రాజాజీ, రంగా స్వతంత్ర పార్టీ పెడితే మళ్ళీ బయటికి. ఆ రాజాజీ ఎవరు? సేలంలో నిషేధం మొదలుపెట్టినాయనే! రాజకీయాల్లో ఇలాంటి భోజన పంక్తులు ఉంటాయి, పక్క విస్తరి ఎవరిదో చూసుకుంటే తినలేం. తరువాత లోక్‌దళ్, ఎమర్జెన్సీలో మళ్ళీ జైలు, ఆపైన జనతా. తెల్లవాడి జైలు, ఇందిరమ్మ జైలు రెండూ చూసినవారు మన జిల్లాలో ఎందరున్నారు? అధికారం ఉన్న వైపు కూర్చున్న రోజులు లెక్కపెడితే ఆయన ప్రజాజీవితంలో అవి కొంచెమే. మిగతాదంతా ఎదురు బల్ల.

కొండగాలి · ఆదివారం మధ్యాహ్నం 2.30

ఎదురు బల్ల అని మురిసిపోతున్నారు, ఆ బల్ల ఎవరిదో చెప్పరేం? స్వతంత్ర పార్టీ అంటే ఏమిటి? సహకార వ్యవసాయం వద్దు, భూమి మీద పరిమితి వద్దు అన్న పార్టీ. మాజీ జమీందార్లు, సంస్థానాధీశులు ఎక్కడికి చేరారు? జమీందార్ల మీద పోరాడి పేరు తెచ్చుకున్న మనిషి వాళ్ళ పక్కన కూర్చుంటే దాన్ని ఏమనాలి?

1967 అన్నారు కదా. ఆ ఏడాది శ్రీకాకుళం స్వతంత్ర పార్టీ రంగా గారిని ఢిల్లీకి పంపింది. అదే ఏడాది అక్టోబర్ 31న, అప్పటి మన జిల్లాలోనే, మొండెంఖల్లు గిరిజన మహాసభకు వెళుతున్నవారి మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు తుపాకులు పేల్చారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆపైన రగిలిన గిరిజన సాయుధ పోరాటం సంగతి దేశమంతటికీ తెలుసు, దాన్ని నడిపిన వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పేర్లతో సహా. మైదానం రైతు ఒక శ్రీకాకుళం, కొండ మీది సవర, జాతాపు ఇంకో శ్రీకాకుళం. లచ్చన్న గారు మొదటిదానికే సర్దార్.

మోకు మనవడు · ఆదివారం మధ్యాహ్నం 3.05

గీత కార్మికుడు మైదానం రైతు కాదు. మీ లెక్కలో మా తాత ఎక్కడ పడతాడు?

కొండగాలి · ఆదివారం మధ్యాహ్నం 3.20

సరే, అది ఒప్పుకుంటాను. భూమి లేనివాడికోసం నిలబడ్డాడు, నిజమే. ఆ నిలబడటం కొండ ఎక్కలేదన్నదే నా బాధ.

గ్రూప్స్ అభ్యర్థి · ఆదివారం మధ్యాహ్నం 3.40

ఆయన కొడుకు, మనవరాలు కూడా రాజకీయాల్లోనే కదా? ఇది వారసత్వం కాదా?

కోట బురుజు · ఆదివారం మధ్యాహ్నం 3.52

విజయనగరంలో కూర్చుని వారసత్వం మీద మాట్లాడితే కోట గోడలు నవ్వుతాయి. నేను తప్పుకుంటున్నాను.

నిర్వాహకుడు · ఆదివారం సాయంత్రం 4.10

గౌతు శ్యామసుందర శివాజీ గారు సోంపేట నుంచి పలుమార్లు, 2014లో పలాస నుంచి గెలిచారు. 2024లో పలాస నుంచి గౌతు శిరీష గారు గెలిచారు. ఇది అందరికీ తెలిసిన సమాచారం, ఇంతటితో సరి. ఇప్పటి పార్టీల గొడవ ఇక్కడికి తెస్తే తాళం వేస్తాను. ఇప్పటికే మూడు వ్యాఖ్యలు తీసేశాను. అందులో ఒకటి మా బావమరిదిది.

ఉప్పు మడి · ఆదివారం సాయంత్రం 5.25

ఇంత మాట్లాడారు, ఉప్పు దగ్గర మాత్రం ఎవరూ ఆగలేదు. నౌపడా మనిషిని కాబట్టి నేను ఆగుతాను.

అమ్మాయి పేజీలో "ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు" అని రాస్తుంది. ఉప్పు ఎలా వస్తుందో చూడకుండా ఆ వాక్యం రాయకూడదు. మా దగ్గర ఎండ ముదిరాక మడుల్లో ఉప్పు తేలుతుంది. సముద్రపు కాలువ నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి వదులుతూ చిక్కబరుస్తారు. ఆఖరి మడిలో నీరు చెయ్యి పెడితే నూనెలా తగులుతుంది. ఒక ఉదయాన మీద సన్నటి పొర కడుతుంది, అద్దం పగిలినట్టు గీతలు కనబడతాయి. అప్పుడు గోరుతో లాగాలి. గోరు అంటే చేతి గోరు కాదు, పొడుగు కర్రకు అడ్డంగా బద్ద కొట్టిన పనిముట్టు. కాళ్ళు పగిలిపోతాయి. ఆ పగుళ్ళలోకి మళ్ళీ ఉప్పునీరే.

ఇంత కష్టపడి తీసిన ఉప్పును కొఠారులో పోసి తాళం వేసి, పన్ను కట్టి కొనుక్కోమన్నాడు తెల్లవాడు. 1930లో ఇక్కడి కుర్రవాళ్ళు కోపం తెచ్చుకోవడానికి దండి దాకా వెళ్ళక్కరలేదు. తాళం ఎదురుగానే ఉంది. సముద్రం పక్కన పుట్టినవాడికి ఉప్పు, తాడితోపు పక్కన పుట్టినవాడికి కల్లు. లచ్చన్న గారు రెండింటి పక్కనా పుట్టారు.

ఉద్దానం ఆడపడుచు · ఆదివారం సాయంత్రం 6.00

ఉప్పు మడి గారూ, ఈ ముక్క బాగుంది. కోపం కొంచెం తగ్గింది. పూర్తిగా కాదు.

ఒక సంగతి నేనూ చేరుస్తాను. 2010 జులై 14న సోంపేట బీల భూముల దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్నవారి మీద పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. అప్పుడు మా పిన్ని అక్కడ ఉంది. వరినాట్ల కాలం, చీర మోకాళ్ళ దాకా దోపుకుని పొలం నుంచి నేరుగా వెళ్ళింది. చెప్పులు పోగొట్టుకుని ఇంటికి వచ్చింది. మాస్టారు రాసిన గున్నమ్మ గారి కట్టెల మోపు చదివినప్పుడు నాకు పిన్ని చెప్పులే గుర్తొచ్చాయి. జమీందారు పోయాడు, బ్రిటిష్‌వాడు పోయాడు, సోంపేట నియోజకవర్గమే 2009లో పునర్విభజనతో పోయింది. లచ్చన్న గారు అప్పటికి నాలుగేళ్ళ క్రితమే వెళ్ళిపోయారు. ఉండి ఉంటే నూరు దాటిన వయసులో ఎక్కడ కూర్చునేవారా అని ఆలోచించాను. ఎదురు బల్ల అన్నారు కదా మాస్టారు.

విశ్రాంత సాంఘికం · ఆదివారం రాత్రి 8.20

అమ్మా, ఈ మాటకు నా దగ్గర పాఠం లేదు. చదివాను. రెండుసార్లు చదివాను.

నాగావళి నాన్న · బుధవారం రాత్రి 9.05

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా మా ఇంట్లో ఇదే గొడవ. మీరు రాసినవన్నీ అమ్మాయికి చదివి వినిపించాను. మా నాన్న పడక కుర్చీ దగ్గరికి జరుపుకుని మరీ విన్నారు. సున్నం కుండ దగ్గర మాత్రం ఒక్కసారి "అవును" అన్నారు. ఆయన అది చూశారని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

అమ్మాయి ఒక పేజీ అన్నది మూడు పేజీలు రాసింది. ప్లాసీ, పలాస అన్న మాట మాస్టారిది అని రాయకుండా వాడుకుంది, క్షమించండి. ఉద్దానం అక్క అమ్మగారికి వాక్యం ఉంది: "నిషేధం వల్ల కొందరి అన్నం పోయింది, నిషేధం లేక కొందరి ఇల్లు పోయింది." ఇది నేను చెప్పింది కాదు, దానికదే రాసుకుంది. బురుజు గారి అభ్యంతరం కూడా పెట్టింది, "కొందరు ప్రకాశం గారిని దించడం తప్పు అంటారు" అని. కొండగాలి గారి లేవిడి సంగతి రాసి, కొట్టేసి, మళ్ళీ రాసింది. ఎందుకమ్మా అంటే, "టీచరు ఒక నాయకుడి గురించే రాయమన్నారు, కానీ వీళ్ళిద్దరి పేర్లు తీసేస్తే బాగోలేదు" అంది.

ఇప్పుడు దానికి రెండు కోరికలు మిగిలాయి. ఒకటి బారువ చూడాలి. రెండోది మోకు చూడాలి, ఫొటోలో కాదట.

మోకు మనవడు · బుధవారం రాత్రి 9.30

మా తాత మోకు మా అటక మీద ఉంది. ఎలుకలు ఒక కొస కొరికాయి, మిగతాది గట్టిగానే ఉంది. చెమటకు నల్లబడి, నడుము ఆనిన చోట నున్నగా మెరుస్తుంది. చేత్తో పట్టుకోనిస్తాను, చెట్టు మాత్రం ఎక్కనివ్వను.

రైలు మీద వస్తే సోంపేట స్టేషనులో దిగండి. పేరు సోంపేటే కానీ స్టేషను ఉన్నది కంచిలిలో, ఈ సంగతి తెలియక మా చుట్టాలే రెండుసార్లు కంగారు పడ్డారు. అక్కడినుంచి సోంపేటకు ఆటోలు ఉంటాయి, నేను బండి వేసుకుని ఎదురు వస్తాను. ముందు బారువ వెళదాం, తరువాత మా ఇంట్లో భోజనం. వెనక్కి వెళ్ళేటప్పుడు పొద్దు ఉంటే గుడారి రాజమణిపురం కూడా చూపిస్తాను.

ఉప్పు మడి · బుధవారం రాత్రి 9.41

అమ్మాయిని నౌపడా దగ్గర ఒక్క గంట దింపండి. దారిలోనే కదా. పాత చెప్పులు వేసుకు రమ్మనండి.

కోట బురుజు · బుధవారం రాత్రి 9.58

బండిలో ఇంకో మనిషికి చోటు ఉంటుందా? అభ్యంతరం ఇంటి దగ్గర వదిలేసి వస్తాను.

మోకు మనవడు · బుధవారం రాత్రి 10.01

తెచ్చుకోండి సార్. భోజనం దగ్గర మాస్టారు కూడా ఉంటారు.